పాత సైకిల్ చక్రానికి ఇంట్లోనే బెండు తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీదో పెరట్లోనో ఏళ్ల తరబడి పడి ఉన్న సైకిల్‌ను దించి, దుమ్ము దులిపి, గాలి కొట్టాక చక్రం అటూ ఇటూ కొట్టుకుంటోందని అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. వీధి చివరి సైకిల్ షాపులు చాలాచోట్ల మూతపడ్డాయి. ఉన్నచోట కూడా రాడ్డు బ్రేకుల చక్రాన్ని చూడగానే రిమ్ము మార్చేద్దాం అంటున్నారు. సగానికి సగం చక్రాలకు ఆ ఖర్చు అక్కర్లేదు. సందేహాలు మాత్రం అందరివీ అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఇవి ప్రధానంగా మన ఊళ్లలో తరతరాలుగా నడిచిన 28×1½ ఇనుప రిమ్ము సైకిళ్ల గురించి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఇది నిజంగా ఇంట్లో అయ్యే పనేనా? ఏ చక్రాన్ని వదిలేయాలి?

రిమ్ము పక్కకు ఒక సెంటీమీటరు దాకా ఊగుతున్నా, ఒకటి రెండు స్పోకులు విరిగినా ఇంట్లో అయ్యే పనే. తొందరపడకపోతే చాలు. వదిలేయాల్సిన చక్రాన్ని గుర్తుపట్టడానికి రిమ్ము మీద నిపుళ్లు (స్పోకు కొసకు మరతో బిగించే చిన్న నట్లు) దిగిన రంధ్రాలను చూడండి. అక్కడ రేకు పొరలు పొరలుగా లేస్తున్నా, రంధ్రం నుంచి సన్నటి పగులు బయలుదేరినా, నిపుల్ తల రేకులోకి దిగబడుతున్నా ఆ రిమ్ము పని అయిపోయినట్టే. అలాంటిదాన్ని బిగిస్తే బెండు పోదు, పగులు పెరుగుతుంది. పైపైన కనబడే ఎర్రటి తుప్పుకు మాత్రం భయపడకండి. ఇనుప పీచుతో రుద్దితే చాలావరకు పోతుంది.

చక్రం ఊగుతోంది. అది బెండా, ఇరుసు వదులా?

సైకిల్‌ను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టైరును పట్టి పక్కకు ఊపండి. టకటకమని కదిలితే ఇరుసు మీద బాల్స్‌ను నొక్కి ఉంచే కోన్లు వదులయ్యాయి. కదలకుండా గట్టిగా ఉండి, తిప్పినప్పుడు మాత్రమే రిమ్ము ఒకచోట పక్కకు వస్తుంటే అది బెండు. రెండూ కలిసి ఉండడం పాత సైకిళ్లలో మామూలే. అలా ఉంటే ముందు కోన్లే సరిచేయాలి. ఇరుసే కదులుతున్న చక్రానికి బెండు తీయబోతే తిప్పిన ప్రతిసారీ ఒక కొత్త బెండు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. కొన్నిసార్లు రిమ్ము తిన్నగానే ఉంటుంది, టైరు సరిగా కూర్చోక ఊగుతుంది. అందుకే చూపు టైరు మీద కాకుండా రిమ్ము అంచు మీద ఉంచండి.

రెండు మిల్లీమీటర్ల పుల్లలు మనిషినీ బస్తానూ ఎలా మోస్తున్నాయి?

ఎడ్లబండి చక్రంలో ఆకులు కిందినుంచి ఆనించి బరువు మోస్తాయి. సైకిల్ చక్రం అలా కాదు. స్పోకులన్నీ ముందే లాగి బిగించి ఉంటాయి. బరువు పడినప్పుడు నేలవైపున్న కొన్ని స్పోకుల బిగువు కాస్త తగ్గుతుంది, చక్రం తిరగగానే మళ్లీ పెరుగుతుంది. ఆ బిగువు పూర్తిగా పోనంతవరకు చక్రం గట్టిగా ఉంటుంది. పారిస్‌లో యూజీన్ మేయర్ 1869లో ఇలాంటి తీగ స్పోకుల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1874లో స్పోకులను హబ్బు (చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగం) నుంచి వాలుగా, ఒకదాని మీదుగా ఒకటి వెళ్లేలా అల్లే పద్ధతి తెచ్చాడు. మీ సైకిల్‌లో ఉన్నది ఇప్పటికీ అదే అల్లిక.

బెండు తీసేవాళ్లకు ఇందులో ఒకటే గుర్తుండాలి: స్పోకులన్నీ దాదాపు ఒకే బిగువుతో లాగుతుంటే రిమ్ము తనంతట తానే గుండ్రంగా, తిన్నగా నిలుస్తుంది. ఒకదాన్ని అతిగా బిగించి పక్కదాన్ని వదులుగా వదిలేసి తిన్నగా తెచ్చిన చక్రం పది రోజుల్లో మళ్లీ బెండవుతుంది.

ఏయే సామాన్లు కొనాలి?

నిపుల్ కీ ఒకటి తప్పనిసరి. చుట్టూ రకరకాల గాట్లున్న గుండ్రటి కీ చవకగా దొరుకుతుంది. అందులో మీ నిపుల్‌కు బిర్రుగా పట్టే గాటు ఏదో చూసుకుని దానికి రంగు పూసి పెట్టుకోండి. వదులు గాటుతో తిప్పితే నిపుల్ మూలలు అరిగిపోతాయి. ఇరుసు పని కూడా ఉంటే కోన్లకు సరిపోయే పలుచటి స్పానర్లు రెండు కావాలి, మామూలు స్పానరు మందం వల్ల కోను మీద కూర్చోదు. ఇవి కాక సుద్దముక్క, మిషన్ ఆయిల్, గ్రీజు, కిరోసిన్, పాత గుడ్డలు, చిన్న స్క్రూడ్రైవరు, ఆకురాయి. స్పోకుల బిగువు కొలిచే మీటరు ఉంటే మంచిదే కానీ ఈ సైకిళ్లకు అదొక ఆడంబరం.

చక్రం బిగించి తిప్పే స్టాండ్ లేదు. సైకిల్‌లోనే తీయవచ్చా?

నిక్షేపంగా. సైకిల్‌ను తలకిందులు చేసి సీటు, హ్యాండిల్ నేలకు ఆనేలా నిలబెట్టండి. రాడ్డు బ్రేకుల సైకిల్ అయితే లివర్లు, గంట నలగకుండా హ్యాండిల్ కింద మడత పెట్టిన గోనెసంచి వేయాలి. ఫోర్కుకు ఒక అగ్గిపుల్లనో పెన్సిల్ ముక్కనో టేపుతో చుట్టి, దాని కొస రిమ్ము అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉండేలా జరపండి. చక్రాన్ని మెల్లగా తిప్పితే రిమ్ము ఎక్కడ పుల్లను రాసుకుంటుందో అక్కడ బెండు ఉంది. వెనక చక్రానికి ఇదే ఏర్పాటు చైను పక్కనుండే పైపుల మీద చేసుకోవచ్చు. మడ్‌గార్డును విప్పాల్సిన పని సాధారణంగా ఉండదు.

టైరు, ట్యూబు విప్పాలా?

చిన్న బెండుకు అవసరం లేదు. గాలి మాత్రం పూర్తిగా తీసేయండి. నిపుల్ తిప్పినప్పుడు స్పోకు కొస లోపలికి పొడుచుకొస్తే గాలి ఉన్న ట్యూబు అక్కడికక్కడే పంచరవుతుంది. నిపుళ్లు తుప్పుపట్టి ఉన్నా, నాలుగైదు స్పోకులు మార్చాల్సి ఉన్నా టైరు విప్పడమే మేలు. లోపల రిమ్ము పరిస్థితి కూడా అప్పుడే తెలుస్తుంది.

## బిగుసుకుపోయిన నిపుళ్లు

నిపుల్ అంగుళం కూడా కదలడం లేదు. బలంగా తిప్పితే స్పోకే మెలితిరుగుతోంది. ఏం చేయాలి?

తిప్పడం ఆపండి. స్పోకు మెలిపడుతోందంటే మరలో తుప్పు పట్టుకుంది. నిపుల్‌లోకి స్పోకు దూరే చోట ఒక చుక్క, రిమ్ములోకి నిపుల్ దిగే చోట ఒక చుక్క తుప్పు వదిలించే నూనె వేయండి. అది దొరక్కపోతే మిషన్ ఆయిల్‌లో కొంచెం కిరోసిన్ కలిపి వేయవచ్చు. చక్రాన్ని రాత్రంతా వదిలేయండి, మర్నాడు మళ్లీ వేయండి. తొందరుంటే సోల్డరింగ్ ఐరన్ కొసను నిపుల్‌కు ఒక నిమిషం ఆనించి వేడిచేస్తే చాలాసార్లు పట్టు వదులుతుంది. ట్యూబు అక్కడ లేకుండా చూసుకోండి.

తిప్పేటప్పుడు మొదట బిగించే వైపు కాకుండా వదులు చేసే వైపు అరచుట్టు తిప్పి చూడండి. స్పోకును నిపుల్‌కు దగ్గరగా పట్టకారుతో పట్టుకుంటే మెలిపడదు. పట్టకారు పళ్లు స్పోకు మీద గాట్లు పెట్టకుండా మధ్యలో తోలు ముక్కో పాత ట్యూబు ముక్కో ఉంచాలి. ఆ గాటు దగ్గరే రేపు స్పోకు విరుగుతుంది.

వంటనూనె, కొబ్బరినూనె వేయకండి. కొన్నాళ్లకు జిగురుగా మారి ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

నిపుల్ మూలలు అరిగిపోయి కీ జారుతోంది.

టైరు, రిమ్ము టేపు విప్పితే నిపుల్ తలలో స్క్రూకు ఉన్నట్టే గాటు కనిపిస్తుంది. స్క్రూడ్రైవరుతో అటునుంచి తిప్పి తీసి కొత్త నిపుల్ వేయండి. స్క్రూడ్రైవరుకూ లొంగకపోతే స్పోకును కత్తిరించి రెండూ మార్చడమే. కత్తిరించే ముందు అటూ ఇటూ ఉన్న స్పోకులను కాస్త వదులు చేసి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. బిగువులో ఉన్న స్పోకు తెగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

## ఇరుసు, కోన్లు, బాల్స్

హబ్బు విప్పితే బాల్స్ నేలమీద పడిపోయాయి. ఎన్ని వేయాలి?

మామూలుగా ముందు చక్రానికి 3/16 అంగుళం బాల్స్ ఒక్కో వైపు 10, వెనక చక్రానికి 1/4 అంగుళం బాల్స్ ఒక్కో వైపు 9 పడతాయి. లెక్క కంటే నమ్మదగిన పద్ధతి ఇంకోటి ఉంది. హబ్బులో బాల్స్ కూర్చునే గిన్నెలో గ్రీజు పూసి, పట్టినన్ని బాల్స్ పేర్చండి. చివరిదాన్ని ఇరికించాల్సి వస్తే దాన్ని తీసేయండి. బాల్స్ మధ్య కొంచెం సందు ఉండాలి. పాత బాల్స్, కొత్త బాల్స్ కలపకండి, అరిగినవాటి పక్కన కొత్తవే మొత్తం బరువు మోస్తాయి. ఈసారి విప్పేటప్పుడు కింద పాత పంచె పరచండి.

గిన్నెను, కోన్లను కిరోసిన్‌తో కడిగి వెలుతురులో చూడండి. బాల్స్ తిరిగే దారిలో చిన్న గుంటలు పడి ఉంటే కోను మార్చాలి. కోన్లు చవక. గిన్నెలోనే గుంటలు పడితే హబ్బు మార్చుకునే సంగతి ఆలోచించాలి.

కోను ఎంత బిగించాలి?

వేళ్లతో ఇరుసు తిప్పితే ఎక్కడా గరగర లేకుండా తిరగాలి, పక్కకు ఊపితే కదలకూడదు. పై నట్టు బిగించేటప్పుడు కోను కూడా దానితోపాటు తిరిగి బిగుసుకుంటుంది. అందుకే ఒక స్పానరుతో కోను పట్టుకుని ఇంకో స్పానరుతో నట్టు బిగించాలి. సరిగా కుదిరిందో లేదో చూడడానికి చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి పట్టి, దానంతటదే తిరగనివ్వండి. బరువైన వైపు దానంతటదే కిందికి వచ్చి, గడియారం లోలకం మాదిరి కాసేపు అటూ ఇటూ ఊగి నిలవాలి. మధ్యలో టక్కున ఆగిపోతే కోను బిగుతుగా ఉంది.

## బెండు తీయడం

నిపుల్ ఎటు తిప్పితే బిగుస్తుందో ప్రతిసారీ తికమకే. గుర్తుపెట్టుకునే మార్గం ఉందా?

టైరు వైపు నుంచి హబ్బు వైపు చూస్తూ తిప్పితే గడియారం ముల్లు తిరిగే దిశలో బిగుస్తుంది. హబ్బు వైపు నుంచి చూస్తే అదే పని ఎడమకు తిప్పినట్టు కనబడుతుంది. తికమక అంతా అక్కడే.

దీనికి నా పద్ధతి ఒకటే. తలకిందులు చేసిన సైకిల్‌లో పుల్ల కట్టిన చోటు కిందుగా ఉంటుంది. అక్కడ వంగి తిప్పకండి. బెండు ఉన్నచోట సుద్దతో గీసి, ఆ గీతను చక్రం పైకొసకు తెచ్చుకోండి. ఇప్పుడు పైనుంచి చూస్తున్నారు కాబట్టి నిపుల్ మామూలు స్క్రూ లాగే కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకు తిప్పితే వదులవుతుంది. పని ఎప్పుడూ పైకొసనే చేస్తే దిశ ఆలోచించాల్సిన అవసరమే రాదు.

ముందు పక్క బెండు తీయాలా, ఎగుడుదిగుడు తీయాలా?

పాత చక్రానికి ముందు ఎగుడుదిగుడే. దాన్ని సరిచేసేటప్పుడు పక్క బెండు ఎలాగూ మారుతుంది, కాబట్టి పక్క బెండును చివర నునుపు చేసుకోవాలి. రాడ్డు బ్రేకుల సైకిళ్లకు ఇది మరీ ముఖ్యం. వాటి బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టుకోవు, కిందినుంచి పైకి లేచి రిమ్ము లోపలి ముఖాన్ని, అంటే హబ్బు వైపున్న ముఖాన్ని నొక్కుతాయి. పక్కకు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఊగినా బ్రేకుకు పట్టింపు ఉండదు. రిమ్ము ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా ఉంటే మాత్రం బ్రేకు పట్టిన ప్రతిసారీ సైకిల్ గుంజి గుంజి ఆగుతుంది. తీగ బ్రేకుల సైకిల్ అయితే సంగతి తిరగబడుతుంది, అక్కడ రబ్బర్లు పక్కలనే నొక్కుతాయి.

రిమ్ము ఒకచోట కుడివైపు వస్తోంది. ఏ స్పోకు బిగించాలి?

స్పోకుల్లో ఒకటి విడిచి ఒకటి హబ్బు కుడి చెవికి, ఎడమ చెవికి (స్పోకులు దూరే రంధ్రాలున్న గుండ్రటి అంచులకు) వెళ్తాయి. కుడి చెవి స్పోకు రిమ్మును కుడికి లాగుతుంది, ఎడమది ఎడమకు. రిమ్ము కుడికి వస్తుంటే అక్కడి ఎడమ స్పోకులను బిగించి, కుడి స్పోకులను అంతే వదులు చేయాలి.

ఒక ఉదాహరణ. సుద్ద గీత నాలుగు స్పోకుల పొడవున పడిందనుకుందాం. నడిమి రెండింటిలో ఎడమదాన్ని అరచుట్టు బిగించండి, కుడిదాన్ని అరచుట్టు వదలండి. కొసల్లో ఉన్న రెండింటిని పావుచుట్టు చొప్పున. తిప్పి చూడండి, పాత గీత చెరిపి మళ్లీ గీయండి. 2 మి.మీ. స్పోకు మీద అంగుళానికి 56 మరలుంటాయి కాబట్టి ఒక పూర్తి చుట్టుకు నిపుల్ జరిగేది అర మిల్లీమీటరు కూడా కాదు. అయినా పావుచుట్టుతో రిమ్ము ఎంత జరుగుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకే స్పోకును ఒక్కసారే రెండు మూడు చుట్లు తిప్పేవాళ్లు చక్రాన్ని పాడుచేసుకునే పనిలో ఉన్నారు.

రిమ్ము ఒకచోట పైకి లేస్తోంది, ఇంకోచోట చదునుగా ఉంది.

పుల్లను ఇప్పుడు రిమ్ము పక్కకు కాకుండా అంచుకు బయటివైపు పెట్టండి. రిమ్ము పుల్లను తాకే చోట అది హబ్బుకు దూరంగా ఉంది. అక్కడ కుడి, ఎడమ స్పోకులను జంటగా, సమానంగా బిగించాలి. జంటగా తిప్పితే పక్కకు జరగదు. చదునుగా ఉన్నచోట జంటగా వదులు చేయాలి. అక్కడి స్పోకులు అప్పటికే వదులుగా వేలాడుతున్నా చదును పోలేదంటే రిమ్ము రేకే లోపలికి వంగింది, నిపుళ్లు తిప్పి ప్రయోజనం లేదు.

ఒకచోట సరిచేస్తే ఇంకోచోట బెండు పుడుతోంది. సాయంత్రం దాకా ఇదే వరస.

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: అన్నీ బిగించడమే తప్ప వదులు చేయడం లేదు. కుడికి వచ్చిందని ఎడమది బిగిస్తారు, ఎడమకు పోయిందని కుడిది బిగిస్తారు. చివరికి కొన్ని స్పోకులు వీణ తీగల్లా బిగుస్తాయి, వాటి పక్కవి వేలాడుతుంటాయి.

ఒకసారి కీ పక్కన పెట్టి, ప్రతి స్పోకునూ వేలితో మీటి వినండి. ఒకే వైపు స్పోకులు ఇంచుమించు ఒకే శ్రుతిలో పలకాలి. సన్నగా మోగేది అతిగా బిగిసింది, బొంగురుగా పలికేది వదులైంది. శ్రుతి మరీ తేడాగా ఉన్నవాటికి దారం కట్టి పెట్టుకోండి. బెండును సరిచేసే అవకాశం వచ్చినప్పుడల్లా ముందు వీటినే వాడుకోవాలి. రిమ్ము కుడికి వస్తున్న చోట కుడి స్పోకు సన్నగా మోగుతుంటే ఎడమదాన్ని ముట్టుకోనే వద్దు, ఈ కుడిదాన్ని వదలండి. బెండు పోతుంది, బిగువూ సమానమవుతుంది.

మరీ అస్తవ్యస్తంగా ఉంటే నిపుళ్లన్నీ స్పోకు మర చివర కనబడేంత వరకు వదిలేసి, మొదటినుంచి అన్నిటినీ సమానంగా, చుట్టు చుట్టుగా బిగించుకురావడం త్వరగా తెమిలే పని.

రిమ్ము అతుకు దగ్గర చిన్న ఎత్తు ఎంతకీ పోవడం లేదు.

పోదు. ఇనుప రిమ్ము రెండు కొసలను కలిపి అతికిన చోట కొంచెం ఎత్తో పల్లమో పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని చదును చేయాలని అక్కడి స్పోకులను హింసించకండి.

అసలు ఎంత బిగువు ఉండాలి?

పక్కపక్కన సమాంతరంగా వెళ్లే రెండు స్పోకులను పిడికిట్లో పట్టి నొక్కండి. కొంచెం లొంగి వెంటనే వెనక్కి తన్నాలి. మెత్తగా దగ్గరకు వచ్చేస్తే వదులు. ఇరుగుపొరుగున మంచి స్థితిలో ఉన్న సైకిల్ ఏదైనా ఉంటే దాని స్పోకులను నొక్కి, మీటి చూసి పోల్చుకోండి. ముందు చక్రంలో రెండు వైపులా ఒకే బిగువు ఉండాలి. వెనక చక్రంలో ఫ్రీవీల్ (చైను పట్టే పళ్లచక్రం) వైపు స్పోకులు కాస్త ఎక్కువ బిగువుగా ఉండడం సహజం.

తిన్నగా తిరుగుతోంది కానీ చక్రం ఫోర్కుకు మధ్యలో లేదు.

చక్రాన్ని తీసి కుడి ఎడమలు మార్చి మళ్లీ పెట్టండి. రిమ్ము ఇప్పుడు ఎదుటి వైపుకు దగ్గరైతే తప్పు చక్రానిది. రెండుసార్లూ ఒకే పైపుకు దగ్గరగా ఉంటే చక్రం మంచిదే, ఫోర్కు వంకర. చక్రానిదే తప్పయితే ఒక వైపు స్పోకులన్నీ పావుచుట్టు వదిలి, రెండో వైపువన్నీ పావుచుట్టు బిగించండి. వాల్వు దగ్గర మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగిస్తే లెక్క తప్పదు.

ఎంత తేడా ఉంటే చాలు, ఎక్కడ ఆపాలి?

ఇలాంటి సైకిల్‌కు పక్కకు ఒక మిల్లీమీటరు, ఎత్తుపల్లాల్లో ఒక మిల్లీమీటరు ఉంటే ఆపేయండి. మిగిలిన వెంట్రుకవాసి కోసం బిగువు చెడగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

## విరిగిన స్పోకులు

ఒక్క పుల్లే కదా విరిగింది. అలాగే తొక్కితే ఏమవుతుంది?

దాని పని పక్కవాళ్లు చేస్తారు, ఆపైన వాళ్లూ విరుగుతారు. రిమ్ము కూడా నెమ్మదిగా రెండో వైపుకు వంగుతుంది. ఇనుప రిమ్ము చాలాకాలం అలా వంగి ఉంటే స్పోకు మార్చినా ఆ వంపు పూర్తిగా పోదు.

స్పోకులు ఎప్పుడూ హబ్బు దగ్గరి వంపులోనే ఎందుకు విరుగుతాయి? ఎక్కువ బిగించినందుకా?

చాలామంది అనుకునేది అదే. నిజానికి ఎక్కువగా విరిగేవి వదులు స్పోకులే. చక్రం తిరిగిన ప్రతిసారీ వదులు స్పోకు పూర్తిగా సడలి మళ్లీ లాగబడుతుంది, ఆ కదలికంతా హబ్బు చెవి దగ్గరి వంపు భరించాలి. తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టే. పాల క్యాన్లు, బస్తాలు మోసే సైకిళ్లలో వెనక స్పోకులు తరచూ విరుగుతున్నాయంటే బిగువు తగ్గిందేమో మొదట చూడండి. ఏడాదిలో మూడు నాలుగు విరిగితే మిగతావీ అలసిపోయినట్టే, ఆ వైపు మొత్తం కొత్తవి వేయించడం మేలు.

కొత్త స్పోకు పొడవు ఎలా చూసుకోవాలి?

విరగని పాత స్పోకు ఒకటి విప్పి షాపుకు తీసుకెళ్లండి. ముందు, వెనక చక్రాలవి వేర్వేరు పొడవులు, ఏ చక్రానిదో మరిచిపోకండి. కొలిచేటప్పుడు వంపు లోపలి అంచు నుంచి మర చివరి వరకు కొలవాలి. బిగించాక స్పోకు కొస నిపుల్ తలలోని గాటు అడుగు దాకా రావాలి. అంతకంటే తక్కువైతే నిపుల్ తల ఊడిపోతుంది, గాటు దాటి బయటికొస్తే ట్యూబును పొడుస్తుంది. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదని అమ్మేవాళ్లు, కొనేవాళ్లు కూడా అంటుంటారు. స్పోకు తీగను సాగదీసి చేస్తారు కాబట్టి స్టెయిన్‌లెస్ రకం కూడా కొంచెం అంటుకుంటుంది.

కొత్త స్పోకును ఎలా దూర్చాలి?

అదే చెవిలో ఒకటి విడిచి ఒకటి ఉన్న స్పోకులను చూడండి. వాటి తలలు బయటికి ఉంటే దీని తల కూడా బయటికే, లోపలికి ఉంటే లోపలికే. దూర్చాక వాటి లాగే మిగతా స్పోకులను దాటించి, చివరి కూడలి దగ్గర వాటి లాగే పైనుంచో కిందినుంచో పోనివ్వండి. దారి ఇవ్వడానికి స్పోకును విల్లులా వంచవచ్చు, మడత మాత్రం పడకూడదు. మరకు ఒక చుక్క నూనె రాసి నిపుల్ ఎక్కించి, పక్క స్పోకుల శ్రుతికి వచ్చేదాకా బిగించండి. అప్పటికి బెండు కూడా చాలావరకు తగ్గుతుంది.

ఫ్రీవీల్ అడ్డం వస్తోంది.

ఆ వైపు స్పోకులకు చాలా హబ్బుల్లో ఫ్రీవీల్ విప్పక తప్పదు. దాని గాట్లలో పట్టే పనిముట్టు కావాలి. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీల్ బిగుస్తుంది కాబట్టి చేత్తో రాదు. పనిముట్టును బెంచి వైస్‌లో బిగించి, దాని మీద చక్రాన్ని బోర్లించి, రిమ్మును రెండు చేతులా పట్టుకుని ఎడమకు తిప్పండి. ఇరుసు నట్టును పనిముట్టు మీద వేళ్లతో బిగించి ఉంచితే గాట్లు తప్పిపోవు. కదలగానే ఆ నట్టు వదులు చేయాలి. చక్రం మొత్తం విప్పి కొత్తగా అల్లాలనుకుంటే స్పోకులు తీయకముందే ఈ పని చేయండి. రిమ్ము పోయాక ఒట్టి హబ్బు నుంచి ఫ్రీవీల్ ఊడదీయడానికి పట్టు ఉండదు.

దారిలో స్పోకు విరిగితే ఇంటిదాకా ఎలా రావాలి?

విరిగిన ముక్కను పక్క స్పోకుకు చుట్టేయండి, లేదంటే చైనులోనో ఫోర్కులోనో ఇరుక్కుంటుంది. రిమ్ము పైపులను రాసుకోకపోతే నెమ్మదిగా తొక్కవచ్చు. వెనక ఎవరినీ ఎక్కించుకోకండి.

## రిమ్ము దెబ్బతింటే

గుంతలో పడి రిమ్ము అంచు సొట్టపోయింది.

ఇనుప అంచు అయితే వెనక్కి వంచవచ్చు. సర్దుబాటు స్పానరు దవడలను అంచు మందానికి బిగించి, కొద్దికొద్దిగా బయటికి లాగండి. రిమ్ము మొత్తం లోపలికి నొక్కుకుపోతే అక్కడి స్పోకులను పూర్తిగా వదిలి, లోపలివైపు కొయ్యదిమ్మె ఆనించి సుత్తితో కొట్టాలి. దెబ్బ కొయ్య మీదే పడాలి. అల్యూమినియం రిమ్ముకు ఈ వైద్యం పనికిరాదు, పగులుతుంది.

చక్రం మొత్తం మెలిపడి ఎనిమిది అంకెలా అయిపోయింది.

స్పోకులన్నీ బాగా వదిలి, ఎత్తుగా ఉన్న రెండు వైపులు కిందికి వచ్చేలా నేలమీద పెట్టి, ఎదురెదురు వైపులను చేతులతో మెల్లగా నొక్కి చూడండి. స్పోకులు వదలగానే రిమ్ము చాలావరకు తిన్నగా వస్తే బతికినట్టు. స్పోకుల లాగుడు లేకుండా కూడా రెండు మూడు సెంటీమీటర్ల మెలి మిగిలితే కొత్త రిమ్ము కొనండి. దాన్ని స్పోకులతో లాగి నిలబెట్టినా బిగువు సమానం కాదు.

28 సైజు రిమ్ము అని కొన్నాను, పాత టైరు పట్టడం లేదు.

28 అని రాసి ఉన్న సైజులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. మన పాత సైకిళ్ల 28×1½ టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 635 మి.మీ. కొత్త తరహా సైకిళ్ల 700సి చక్రాన్ని కూడా 28 అంటారు, దానిది 622 మి.మీ. రెండూ ఒకదానికొకటి పట్టవు. 26లో ఇంకా గందరగోళం: 26×1⅜ది 590, 26×1½ది 584, 26×1.75 అని దశాంశంలో రాసేవి 559. టైరు పక్కన 40-635 లాంటి అంకె వెతికి, ఆ రెండో అంకె చెప్పి కొనండి.

రంధ్రాల సంఖ్య కూడా చెప్పాలి. ఈ సైకిళ్లలో మామూలుగా ముందు చక్రానికి 32, బరువు ఎక్కువ మోసే వెనక చక్రానికి 40 స్పోకులు. హబ్బు రంధ్రాలూ రిమ్ము రంధ్రాలూ సమానంగా ఉంటేనే అల్లిక కుదురుతుంది.

## బిగించాక

మొదటిసారి తొక్కగానే చక్రంలోంచి టింగు టింగుమని చప్పుడు వచ్చింది.

నిపుల్ తిప్పినప్పుడు కొన్ని స్పోకులు కొంచెం మెలిపడి ఉంటాయి. బరువు పడగానే ఆ మెలి విడిపోతూ మోగుతుంది. ప్రమాదం లేదు, కానీ బెండు కొంచెం తిరిగి వస్తుంది. దీన్ని ముందే వదిలించవచ్చు. చేతులకు గుడ్డ చుట్టుకుని, సమాంతరంగా ఉన్న స్పోకులను రెండేసి చొప్పున చక్రం చుట్టూ గట్టిగా పిండండి. ఆ తర్వాత మరోసారి బెండు చూసుకోండి.

బెండు తీశాక రోజుకో పంచరు.

ట్యూబులో రంధ్రం ఎటువైపు ఉందో చూడండి. హబ్బు వైపు ఉంటే ముల్లు కాదు, స్పోకు కొసే. రిమ్ము లోపల వేలితో తడిమి, పొడుచుకొచ్చిన కొసలను ఆకురాయితో నిపుల్ తలకు సమంగా అరగదీయండి. పైన రిమ్ము టేపు వేయాలి. పాత ట్యూబును రెండు వేళ్ల వెడల్పున నిలువునా కోసినా టేపుకు బదులు సరిపోతుంది.

పంచరు ఎక్కడా లేదు, అయినా తెల్లారేసరికి గాలి ఉండడం లేదు.

పాత రకం వాల్వులో లోపలి సూదికి చిన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది చిట్లుతుంది. సూదిని బయటికి తీసి చూడండి, రబ్బరు జిగటగానో పెళుసుగానో ఉంటే మార్చండి. కొత్త ముక్కను ఉమ్మితోనో నీళ్లతోనో తడిపితే సులువుగా ఎక్కుతుంది.

కొన్నాళ్లకే మళ్లీ బెండు వచ్చింది. పని సరిగా చేయలేదా?

కొత్త స్పోకులు వేస్తే హబ్బు రంధ్రాల్లో వాటి వంపులు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఓ యాభై కిలోమీటర్లు తొక్కాక ఒకసారి సరిచూడాలి, అది మామూలే. ఆ తర్వాత కూడా అదే చోట బెండు వస్తుంటే అక్కడి స్పోకులను మీటండి. వాటి మధ్య ఒకటి బొంగురుగా పలుకుతుంది. దాని నిపుల్ మర అరిగి జారుతోందేమో చూసి మార్చండి.

పిల్లల గేర్ల సైకిల్‌కు కూడా ఇలాగే తీయవచ్చా?

పద్ధతి ఇదే, జాగ్రత్తలు వేరు. వెనక చక్రంలో గేర్ల చోటు కోసం కుడి వైపు హబ్బు చెవి లోపలికి జరిగి ఉంటుంది. అందువల్ల కుడి స్పోకులు బాగా బిగువుగా, ఎడమవి వదులుగా ఉండడమే సరైనది. వాటిని సమానం చేయబోతే చక్రం మధ్యనుంచి పక్కకు పోతుంది. శ్రుతి పోల్చేటప్పుడు కుడివాటిని కుడివాటితో, ఎడమవాటిని ఎడమవాటితో పోల్చండి. రిమ్ము అల్యూమినియం కాబట్టి నిపుల్ అరచుట్టు కాకుండా పావుచుట్టుతో మొదలుపెట్టండి. డిస్కు బ్రేకు ఉంటే నూనె చుక్క డిస్కు మీద పడకుండా ముందే గుడ్డ చుట్టాలి, పడితే బ్రేకు జారుతుంది.